లోపల రంగు వెయ్యకూడదు

మార్చి 3, సోమవారం

బేకరీవాళ్ళ పాత వ్యాను వెనక తలుపు విప్పితే లోపల తేనెటీగలు.

ఆ వ్యాను రెండేళ్ళుగా ఎవరి పెరట్లోనో ఎండకి ఎండుతూ వానకి తడుస్తూ పడి ఉందట. నిన్న సాయంత్రం లారీ మీద తెచ్చి మా షాపులో దింపారు. రంగు వేసి మళ్ళీ రోడ్డెక్కించాలట. తుప్పు గీకుదామని తలుపు లోపలి అట్ట ఊడదీశాను. ఎవరో నల్లగుడ్డ కుక్కారనుకున్నాను. గుడ్డ కదిలింది.

గట్టిగా అరిచాను. నేను అరవడం షాపులో రోజూ ఉండేదే కాబట్టి ఎవడూ తలెత్తలేదు.

తర్వాత సరిగ్గా చూశాను. తుప్పు రేకుల మధ్య ఐదు తేనెపట్టులు పక్కపక్కనే వేలాడుతున్నాయి. మధ్య సందులన్నీ ఒకటే కొలత. స్కేలు లేదు, మాస్కింగ్ టేపు లేదు. నేను టేపు అంటించి కూడా అంత తిన్నగా గీత తియ్యలేను. లారీ కుదుపుల్లో అంతదూరం వచ్చి, పొద్దున్నే ఏమీ జరగనట్టు పనిలో దిగిపోయాయి. నా చెయ్యి జానెడు దూరంలో ఉంది. ఒక్కటీ కుట్టలేదు. నన్ను పట్టించుకునే తీరిక లేదు వాటికి.

ఓనరు వచ్చి, ఇంతేనా, ఓ మగ్గుడు థిన్నరు పొయ్యి, ఛస్తాయి, తలుపు పని కానీ అన్నాడు. మగ్గు తనే తెచ్చాడు. అడ్డం నిలబడ్డాను. వాటి మీద పోస్తే మిగిలింది నీ మీద పోస్తాను అన్నాను. పోస్తానన్నందుకు కాదు, 'నీ' అన్నందుకు కోపం వచ్చింది వాడికి.

ఎందుకన్నానో నాకే తెలియదు. తేనెటీగల గురించి నాకేం తెలుసు? కానీ పనివాళ్ళు అవి. పని చేసుకుంటున్నవాళ్ళ మీద థిన్నరు పోస్తారా ఎవరైనా?

ఆదివారం దాకా గడువు. ఆలోగా నేను తీసుకుపోకపోతే మగ్గు తనే ఎత్తుతాడట.

మార్చి 4

ఫోనులో వీడియోలు చూశాను. పదిమంది పదిరకాలుగా చెప్తున్నారు. ఒకడు తెల్లబట్టలు వేసుకోవాలంటాడు, ఇంకొకడు ఒంటి మీద చొక్కా కూడా లేకుండా చేతులు పెడుతున్నాడు. నేను రంగు వెయ్యడం కూడా ఇలాగే నేర్చుకున్నాను. ఎవడూ చెప్పలేదు. పాడుచేసి, తిట్లు తిని, మళ్ళీ పాడుచేసి. కానీ బానెట్ పాడైతే గీకి మళ్ళీ వెయ్యొచ్చు. ఇవి పాడైతే?

మా షాపులో డెంట్లు తీసేవాణ్ణి సుత్తి అంటాం. సుత్తి మోతకి వాడికి ఒక చెవి పోయింది. ఏదైనా రెండుసార్లు చెప్పాలి, రెండోసారి తిట్టు కలిపి చెప్పాలి. అదీ మా షాపు జోకు. వాడు చెప్పాడు, కత్తిమామ సెలూను మేడ మీద ఈగల పెట్టెలున్నాయి, పోయి కాళ్ళు పట్టుకో అని.

నేను కాళ్ళు పట్టుకునే రకాన్ని కాదు.

మార్చి 5, బుధవారం

పట్టుకున్నంత పని చేశాను.

కత్తిమామ ఎవరికో గడ్డం గీస్తున్నాడు. ఆగకుండా మాట్లాడుతున్నాడు. కుర్చీలో ఉన్నాయన ఏదో అనబోతే, కదలకు బాబూ, కత్తి గొంతు మీదున్నంతసేపూ తీర్పు నాది అన్నాడు. గీయడం అయ్యాక ఏదో సీసా తీసి ఆయన చెంపలకి రాసి, ఎలా ఉంది కోడలా వాసన, కొత్త సరుకు అని నన్నడిగాడు. ఊళ్ళో అందరికీ మామ కాబట్టి ఆడపిల్లలందరూ కోడళ్ళేనట. బావుంది అన్నాను, తొందరగా తెమలాలని.

మేడ మీద నాలుగు పెట్టెలు. ఒకదాని మూత ఎత్తి ఉత్త చేత్తో చట్రం పైకి తీశాడు. అంత వాగుడుకాయ చేతులు ఎంత నిదానంగా ఉన్నాయో! గొంతుల మీద కత్తి నడిపే చేతులు కదా. చట్రం నిండా ఈగలు, ఒకదాని మీద ఒకటి నడుస్తున్నాయి, తోపులాట లేదు. ఒకటి పువ్వు నుంచి వచ్చి తోక ఊపుకుంటూ గుండ్రంగా తిరిగింది. పక్కనున్నవి దాని వెనకే తిరిగి, చటుక్కున ఎగిరిపోయాయి. ఎక్కడ పూలున్నాయో చెప్పింది అన్నాడు మామ. నోరు లేకుండా, దారి తప్పకుండా. మా ఓనరు నోరుండి కూడా ఏ కారుకి ఏ రంగో సరిగ్గా చెప్పలేడు.

వీటిని తేవడం గొప్ప కాదు కోడలా, ఉంచుకోవడం గొప్ప అన్నాడు. ఈ జాతికి నచ్చకపోతే మూట కూడా సర్దుకోవు, లేచిపోతాయి. కాళ్ళు చూడు. కాళ్ళకి పుప్పొడి ఉండలు కట్టుకుని లోపలికి పోతున్నాయనుకో, పిల్లలకి తిండి మోస్తున్నట్టు, కాపురం పెట్టినట్టు. ఒట్టికాళ్ళతో తిరుగుతున్నాయనుకో, వేరే ఇల్లు చూసుకుంటున్నట్టు.

పెట్టె కొలతలు చెప్పాడు. పాతచెక్క అయితే మంచిదన్నాడు. షాపులో పార్టులొచ్చే చెక్కపెట్టెలున్నాయన్నాను.

మార్చి 6

నన్ను పెంచిన పిన్ని ససేమిరా అంది.

పెంచుకోడానికి ఇంకేం దొరకలేదుటే నీకు, ఈ ఇంట్లో కుట్టేదాన్ని నేనొక్కదాన్ని చాలు అంది. పిన్ని బట్టలు కుడుతుంది. ముందుగదిలో కిటికీ పక్కన మిషను, దాని పక్కన బాబాయి రేడియో. బాబాయి రేడియోలు బాగుచేసేవాడు. ఎవరిదో సెట్టు ఆగిపోతే మన సెట్టులో సామానంతా పీకి దాంట్లో వేశాడట, మళ్ళీ కొని వేద్దామని. ఆ లోపలే పోయాడు. ఒట్టి చెక్కడొల్ల మిగిలింది. పిన్ని దానికి గుడ్డ కుట్టి కప్పింది. దుమ్ము తుడవడానికి కూడా నన్ను ముట్టుకోనివ్వదు.

చివరికి సరే అంది. ఒక్కసారే. పారిపోయాయా, మళ్ళీ ఈ గడపలో ఈగ పేరెత్తడానికి లేదు. అనేసి ఊరుకుంటే పిన్ని ఎలా అవుతుంది? అయినా నీ దగ్గర ఏది నిలిచింది గనక అంది.

నిజమే. ఇది నాకు నాలుగో షాపు. ప్రతిచోటా నోరు చేసుకుని బయటికొచ్చాను. నిజమే కానీ అనాలా?

ఈ గొడవలో పాలు మాడాయి. నేను పొయ్యి పక్కనే కూర్చుని చెక్కలు కొలుస్తున్నాను. ముందుగదిలోంచి పిన్ని పరుగెత్తుకొచ్చి పొయ్యి ఆపింది. గిన్నె నల్లగా బొగ్గయింది. నీకసలు ముక్కుందా అంది. పనిలో ఉన్నానని అరిచాను.

మార్చి 8, శనివారం

పెట్టె అయింది. నా చేత్తో చేసినవాటిలో ఇదే గొప్పది.

నిన్న సాయంత్రం కోశాను, బిగించాను. చట్రాలు వేలు సందు వదిలి వేలాడేలా పెట్టాను. తర్వాత నా అసలు పని. పుట్టీ, రుద్దుడు, ప్రైమరు, మళ్ళీ రుద్దుడు, రెండు కోట్లు పసుపు, పైన మెరుపుకి లాకరు పూత. బేకరీ వ్యాను కోసం కలిపిన పసుపే. అందులో మొహం చూసుకోవచ్చు. లోపలవైపు కూడా అంతే శ్రద్ధగా వేశాను. మూలమూలకీ స్ప్రే గన్ను తిప్పాను. కనపడేచోట వేసి కనపడనిచోట వదిలేసేవాళ్ళు పెయింటర్లు కారు, దొంగలు. ఆ పసుపు లోపల ఉండబోయేవాళ్ళు ఎంత శుభ్రంగా పనిచేస్తారో నేను చూశాను. వాళ్ళకి తక్కువపని ఇస్తానా?

సుత్తి వేలితో రాసి చూసి ఈల వేశాడు.

మార్చి 9, ఆదివారం

తెచ్చేశాను. తెచ్చేశాను!

సెలూనుకి ఆదివారమే గిరాకీ, తలుపు తీసేలోగా తేల్చేద్దాం అని తెల్లారకముందే వచ్చాడు మామ. షాపు షట్టరు ఎత్తగానే, అబ్బా ఏం కంపమ్మా ఇది, ఇక్కడెలా బతుకుతున్నారు అని తువ్వాలు ముక్కుకి కట్టుకున్నాడు. పొగకి ఏదన్నా గుడ్డ ఇమ్మంటే నా బల్ల మీది గుడ్డ ఇచ్చాను. ముక్కు దగ్గరికి రాగానే విసిరికొట్టాడు. థిన్నరు తుడిచిన గుడ్డే అది, ముట్టిస్తే ఈగలూ మనమూ జంటగా పోతాం అన్నాడు. అట్టముక్కలు డబ్బాలో వేసి ముట్టించాడు.

పొగ తగలగానే ఈగలు తేనె అరల్లో తలలు దూర్చి కడుపు నింపుకోవడం మొదలెట్టాయి. ఇల్లు తగలబడుతోందనుకుంటాయట. దారిలో తినడానికి మూట కట్టుకుంటాయట. కడుపు నిండినవి ఎక్కువ కుట్టవట. మామ పట్టు కోసి ఇస్తుంటే నేను చట్రంలో నిలబెట్టి పిన్ని దారంతో కట్టాను. పిల్లలున్న పట్టులు వెచ్చగా ఉన్నాయి. చేతిలో పట్టుకుంటే నిద్రపోతున్నవాళ్ళని మోస్తున్నట్టుంది. ఈగల్ని గడ్డం బ్రష్షుతో దులిపాడు. కొత్త బ్రష్షు, నురగ కూడా చూడలేదు, నీ ఈగలకి నా అల్లుడికి చేసినన్ని మర్యాదలు చేస్తున్నాను అన్నాడు.

తర్వాత రాణి కోసం వెతుకులాట. నేను చట్రాలు పెట్టెలో సర్దుతున్నాను, మామ వ్యాను తలుపులో తల పెట్టి వెతుకుతున్నాడు. ఒక్కసారిగా మాటలు ఆగిపోయాయి. ఇదిగో అన్నాడు మెల్లగా. పొడుగ్గా, నల్లగా, తొందరేం లేకుండా నడుస్తోంది. చుట్టూ ఉన్నవి దారి ఇస్తున్నాయి. జుట్టు ఉంగరాలు తిప్పే ప్లాస్టిక్ రోలరు ఒకటి తీసి, దాన్ని అందులోకి ఎక్కించి రెండువైపులా దూది పెట్టాడు. రోలరుకి కన్నాలుంటాయి కాబట్టి మిగతావి తిండి పెడతాయి, తల్లి మాత్రం బయటికి రాలేదు. తల్లి ఉన్నచోటే అందరూ. మూడోరోజు దూది తీసెయ్ అన్నాడు. రోలరుని చట్రానికి కట్టాను. మిగతా ఈగలు వాటంతట అవే బారులు తీరి పెట్టెలోకి నడిచాయి. వేలకొద్దీ. నేనొక్క మాట అనలేదు, ఒక్కటీ దారి తప్పలేదు.

మూత పెట్టాక మామ పెట్టె చుట్టూ తిరిగి, పెళ్ళికూతుర్లా ఉందే నీ పెట్టె అని, సెలూనుకి పరుగెత్తాడు.

సాయంత్రం నేనూ సుత్తీ ఆటోలో పెట్టి తెచ్చి పెరట్లో దింపాం. స్టూలు నాలుగు కాళ్ళకింద నీళ్ళగిన్నెలు, చీమలు ఎక్కకుండా. పిన్ని గుమ్మంలోంచే చూసింది.

మార్చి 10

ఈగలు కుట్టినవి ఎడమచేతికి రెండు, చెవికి ఒకటి. గన్ను పట్టుకుంటే వేలు వంగడం లేదు. షాపులో ఎవరికీ చెప్పలేదు.

మార్చి 12, బుధవారం

పొద్దున దూది తీశాను. రాణి చట్రం మీదికి నడిచి వెళ్ళింది.

సాయంత్రం షాపు నుంచి వచ్చి స్నానం కూడా చెయ్యకుండా పెట్టె ముందు కూర్చున్నాను. ఇంత అందమైన పని నేనెక్కడా చూడలేదు. పెట్టె గుమ్మం దగ్గర వరసగా నిలబడి, తలలు బయటికి పెట్టి, కదలకుండా రెక్కలు మాత్రం కొడుతున్నాయి. లోపలికి గాలి విసురుతున్నాయి. రెక్కలు కనపడటం లేదు, మసకగా ఏదో ఉన్నట్టుంది అంతే. ఒకటి అలిసిపోతే పక్కది దాని చోటులోకి వస్తోంది. ఎవరూ పిలవలేదు, ఎవరూ నీ వంతంటే నీ వంతని పోట్లాడలేదు. గుమ్మం కింద చెయ్యి పెడితే గాలి తగిలింది. అంత చిన్న ప్రాణులు, నా అరచేతికి గాలి తగిలింది!

పిన్నిని పిలిచి చూపించాను. వచ్చి నా వెనక నిలబడింది. ఇన్ని విసురుతున్నాయేమే అంది. పనిమంతులు పిన్నీ అన్నాను.

కాళ్ళు చూశాను. ఒట్టికాళ్ళే. వచ్చి ఇంకా మూడురోజులేగా.

మార్చి 13

పోయాయి.

మార్చి 13, సాయంత్రం

రాసుకోకపోతే ఏదో ఒకటి పగలగొట్టేలా ఉన్నాను. రాస్తాను.

మధ్యాహ్నం పిన్ని ఫోను చేసింది. వంద మిషన్లు ఒకేసారి తొక్కినట్టు చప్పుడొచ్చిందట. బయటికొచ్చి చూస్తే పెరడంతా ఈగలు, ఎండ కూడా కనపడలేదట. పక్కింటి గోడ మీదుగా వెళ్ళి, వాళ్ళ చెట్టుకొమ్మకి గుత్తిలా పట్టి వేలాడాయి. గన్ను అక్కడే పడేసి వచ్చాను. ఓనరు వెనక నుంచి ఏదో అరిచాడు.

మామ కూడా వచ్చాడు, ఎవరికో సగం జుట్టు కత్తిరించి వదిలేసి. పెట్టె మూత ఎత్తి వెనక్కి గెంతాడు. ఇది పెట్టెనా తల్లీ, షోరూము కారా అన్నాడు. లోపల రంగేశావా? లాకరు కూడానా? ఎవరన్నా ఈగల పెట్టెకి లోపల రంగేస్తారా? లోపలిపని వాటిది, మైనం రాసుకుంటాయి, జిగురు పూసుకుంటాయి, నీకెందుకు? అయినా ఇంత కంపు కొడుతుంటే తెలియలేదా?

ఆరిపోయింది కదా, వాసనేం లేదు అన్నాను.

మామ నావైపు చూశాడు. పిన్ని కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని ఉంది. కళ్ళు మండుతున్నాయే అంది. నువ్వెప్పుడూ ఇలాగే కంపు కొడతావు, పెట్టె కొడుతోందని నాకేం తెలుసు అంది.

నేను తల పెట్టెలో దూర్చాను. పీల్చాను. ఏమీ లేదు.

మామ జేబులోంచి ఆ చెంపలకి రాసే సీసా తీసి, మూత విప్పి నా ముక్కు కింద పెట్టాడు. కళ్ళు మూసుకోమన్నాడు. వాసన ఎలా ఉందో చెప్పు అన్నాడు. చల్లగా ఉంది అన్నాను. చల్లగా కాదు, వాసన అన్నాడు.

చల్లగా ఉంది. అంతే.

కత్తిమామ నోట మాట లేకుండా నిలబడటం నేను మొదటిసారి చూశాను. అప్పుడు భయమేసింది.

ఆరేళ్ళు. నాలుగు షాపులు. అన్నిచోట్లా ఒకటే షట్టరు, ఒకటే గది, మూతికి చేతిరుమాలు. సుత్తి చెవి మీద జోకులేసేదాన్ని.

నిన్న నేను మెచ్చుకుంటూ కూర్చున్నాను. అవి ఊపిరాడక విసురుకుంటున్నాయి.

చెట్టుకింద నిలబడి ఈగల్ని తిట్టాను. ఇంత చేస్తే పోతారా అని. మామ గోడకవతల నుంచి, ఈగలు పోతే ఈగల్ని తిట్టం కోడలా, పెట్టె వాసన చూస్తాం అన్నాడు. పొద్దున ఎండ ఎక్కేదాకా అక్కడే ఉంటాయట. ఇల్లు వెతికేవాళ్ళు కొందరు అప్పుడే బయల్దేరారట. మంచి పెట్టె ఉంటే ఇంకోసారి అడగొచ్చు అన్నాడు. ఆయన దగ్గర ఖాళీపెట్టె లేదు. నాది రుద్దినా గీకినా ఆ కంపు పోదట.

పిన్ని ఒక్కసారే అంది కదా. మళ్ళీ అడగలేదు.

మార్చి 14, శుక్రవారం

పొద్దున లేచేసరికి పిన్ని పెరట్లో ఉంది. స్టూలు మీద బాబాయి రేడియో.

గుడ్డ తీసేసింది. ముందువైపు జల్లెడగుడ్డకి వెనక చెక్కముక్క కొట్టింది, మేకులు వంకరగా. రెండు మీటల్లో ఒకటి పీకేసింది. ఆ కన్నం వేలు దూరేంత ఉంది. అదే గుమ్మం. అలా చూస్తావేమే, ఇల్లంతా వెతికాను, ఏ వాసనా లేని చెక్క ఇదొక్కటే అంది. నోట్లోంచి మేకు తీసి మరీ చెప్పింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, అడిగితే మేకు గుచ్చుకుందంటుంది. అడగలేదు.

నేను రంపం తెచ్చి పైన అడ్డంగా కర్రపుల్లలు కోసి పరిచాను. రంగు లేదు. రుద్దను కూడా రుద్దలేదు.

మామ ఏదో గుడ్డలో చుట్టి తెచ్చాడు. విప్పితే పిల్లలున్న పట్టు. తన పెట్టెలోంచి కోసుకొచ్చాడు. ఆకలేస్తున్న పిల్లల్ని వదిలి ఏ తల్లీ పోదు, వీళ్ళు వాళ్ళ పిల్లలు కాకపోయినా సరే అన్నాడు. పిన్ని నావైపు చూడకుండా చెట్టువైపు చూసింది. పిన్నికి నేనూ అంతే కదా.

పక్కింటి గోడెక్కి కొమ్మ కింద దుప్పటి పరిచాం. కొమ్మని ఒక్క కుదుపు కుదిపాను. గుత్తి మొత్తం దబ్బున పడింది, తడిబట్ట పడ్డట్టు. దుప్పటి నాలుగు మూలలూ కలిపి పట్టుకుని గోడ దిగి రేడియో ముందు పరిచాం. ఈగలు కాసేపు గజిబిజిగా తిరిగాయి. ఒకటి మీట కన్నంలోకి పోయి వచ్చింది. ఇంకొకటి. తర్వాత రాణి. పరుగెత్తినట్టే పోయింది లోపలికి. అంతే, కన్నం చుట్టూ ఉన్నవన్నీ తోకలు పైకెత్తి రెక్కలు కొట్టడం మొదలెట్టాయి. ఇది వేడికి విసరడం కాదు, ఇల్లు దొరికింది రండి అని వాసనతో పిలుస్తున్నాయి అన్నాడు మామ. పిన్ని మోకాళ్ళ మీద వంగింది. అయ్యో నిజమేనే, నిమ్మాకు నలిపినట్టుంది అంది.

నేనూ వంగాను. ఏమీ లేదు. అయినా అవి ఎంత గట్టిగా పిలుస్తున్నాయో కళ్ళతో చూశాను.

షాపుకి వెళ్ళలేదు.

మార్చి 15

డాక్టరు ముక్కులో లైటు వేసి చూశాడు. రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు. ఆ గాలిలో ఉన్నంతకాలం రానే రాదు అన్నాడు. ఇది చెప్పడానికి అంత పెద్ద లైటెందుకో.

అక్కణ్ణించి తిన్నగా షాపుకి. గాలి బయటికి లాగే ఫ్యాను పెట్టించు, సరైన మాస్కులు తెప్పించు అన్నాను. ఇన్నేళ్ళలో ఎవరికీ రాని రోగం నీకే వచ్చిందా అన్నాడు ఓనరు. సుత్తిని పిలిచాను. మెల్లగా పిలిచాను, చెవి పోయినవైపు నుంచి. వాడు తిరగలేదు. ఇప్పుడు చెప్పు ఎవరికీ రాలేదని అన్నాను.

నచ్చకపోతే పో, నీకిది అలవాటేగా అన్నాడు ఓనరు.

వెళ్ళిపోవాలనే అనిపించింది. బూట్లు కూడా వేసుకున్నాను. మళ్ళీ విప్పాను.

రేడియో దగ్గర ఒట్టికాళ్ళే.

మార్చి 16, ఆదివారం

షాపు తాళంచెవి ఒకటి సుత్తి దగ్గర ఉంటుంది. పొద్దున్నే తీశాం. షట్టరుకి ఎదురుగోడ పైభాగంలో సుత్తి కన్నం కొట్టాడు. వాడి జన్మలో గోడకి అంత ప్రేమగా డెంటు పెట్టలేదట. తుక్కులో పడున్న లారీ రేడియేటరు ఫ్యాను తీసి, మోటారు మార్చి, ఇనుప చట్రంలో బిగించాను. స్విచ్ వేశాను. నేల మీది దుమ్ము లేచి, గోడవైపు నడిచి, బయటికి పోయింది.

సుత్తి నవ్వాడు. నేను స్విచ్ ఆపి మళ్ళీ వేశాను. మళ్ళీ ఆపి మళ్ళీ వేశాను.

ఇంటికొచ్చి పంచదార నీళ్ళు పెట్టాను. తాగుతున్నాయి. కాళ్ళు ఒట్టివే.

మార్చి 17, సోమవారం

గోడ చూసి ఓనరు వేసిన కేకలకి ఎదురుకొట్టువాళ్ళు కూడా వచ్చారు. పోలీసులు, కోర్టు, మా తాతముత్తాతలు అందరూ వచ్చారు మాటల్లో. నేను ఎదురు మాట్లాడలేదు. నా జీవితంలో మొదటిసారి. ఫ్యాను వేసి, రంగు కొట్టే బూత్‌లోకి పోయాను.

మధ్యాహ్నం ఎండకి చూస్తే వాడు ఫ్యాను దారిలో కుర్చీ వేసుకుని చొక్కా బొత్తాలు విప్పుకుని కూర్చున్నాడు. కారు తుడిచే గుడ్డతో చెమట తుడుచుకుంటూ, ఇంకొంచెం కిందికి పెట్టి ఉండాల్సింది అన్నాడు.

మాస్కులు రేపొస్తాయట. చూడాలి.

మార్చి 18

ఒట్టికాళ్ళు.

పిన్ని మిషను జరిపి పెరటి కిటికీవైపు తిప్పుకుంది. వెలుతురు బావుంటుందట అటు. ఇన్నేళ్ళుగా బాలేదు కాబోలు.

మార్చి 19

వాన జల్లు. ఒక్కటీ బయటికి రాలేదు. రేడియోకి చెవి ఆనించాను. లోపల చిన్న హోరు, స్టేషను దొరకనప్పుడు వచ్చేలాంటిది. ఉన్నాయి. ఇవాళ్టికి ఉన్నాయి. ఎండ వస్తే పోతాయేమో. మామ సెలూను కట్టేశాక వచ్చి చూసి, మూత ఎత్తకు, పదేపదే తలుపు కొట్టే చుట్టం ఎవరికీ నచ్చదు అన్నాడు.

పోతే పిన్ని రేడియో మళ్ళీ లోపలికి తెస్తుందా? మీట మళ్ళీ పెడుతుందా? అదే ఆలోచన రోజంతా.

మార్చి 20, గురువారం

మాస్కు పెట్టుకుని బూత్‌లో ఉన్నాను. బేకరీ వ్యానుకి ఆఖరి కోటు. షాపు ఫోను మోగితే సుత్తి ఎత్తాడు, మంచి చెవికి పెట్టుకుని. అయినా నాలుగుసార్లు ఆఁ ఆఁ అన్నాడు. తర్వాత షాపు దద్దరిల్లేలా అరిచాడు. మీ పిన్ని! కాళ్ళట! పసుపుట! ఒకటి కాదుట, వరసగా పోతున్నాయట!

కోటు మధ్యలో గన్ను ఆపకూడదు, గీత పడుతుంది. ఆపలేదు. చివరిదాకా వేసి ఆపాను. నా కళ్ళద్దాలు మసకబారాయి.

ఓనరు, అయితే మొదటి సీసా తేనె నాకే కదా అన్నాడు. మగ్గు తెచ్చుకో అన్నాను.

సాయంత్రం. పిన్ని నేల మీద కూర్చుని ఉంది, కుట్టుపని పక్కన పడేసి. నన్ను చూసి నోటిమీద వేలు పెట్టుకుంది, పిల్లల్ని ఇప్పుడే పడుకోబెట్టినట్టు. పక్కన కూర్చున్నాను. ఎండ వాలుతోంది. ఒక్కొక్కటీ వచ్చి మీట కన్నం అంచు మీద వాలుతోంది. వెనక కాళ్ళకి ఆవగింజంత పసుపు ఉండలు. ఒకదానికి నారింజరంగు. ఒకదానికి దాదాపు తెలుపు. నేను కలపగలనా ఆ రంగులు? రెండు కాళ్ళకీ సరిసమానంగా, అంత బరువుతో ఎగిరొచ్చి, మీ బాబాయి స్టేషను తిప్పేచోట దూరుతున్నాయే అంది పిన్ని.

కాసేపయ్యాక, మీ బాబాయి ఉంటే తీగ కట్టి దాంట్లో వార్తలు వినేవాడు అని నవ్వింది. నేనూ నవ్వాను. పిన్ని ఏడుస్తోందని చాలాసేపటికి తెలిసింది.

మార్చి 23

మామ మూత ఎత్తి చూశాడు. కర్రపుల్లల కింద తెల్లటి కొత్తపట్టులు మూడు. సందులన్నీ ఒకటే కొలత. రేడియో లోపలి గోడలకి సన్నగా జిగురు పూసేశాయి, మూలమూలకీ.

పెయింటర్లంటే అవీ.

మే 11, ఆదివారం. పొద్దున్నే.

రేడియో పక్కన కూర్చున్నాను. ఏదో వాసన. పోయింది. మళ్ళీ వచ్చింది. ఏమిటో పోల్చుకోలేను. పిన్నిని పిలిచి అడగలేదు. కళ్ళు మూసుకున్నాను.